నిద్ర లేవని యంత్రము
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగపాఠము)



ఇటువంటి సభలలో ప్రధానోపాధ్యాయుడు పరీక్షా ఫలితములను గూర్చియు, ఆటల పోటీలను గూర్చియు మాట్లాడుట వాడుక. ఆ వివరములన్నియు వార్షిక నివేదికలో ఇప్పుడే చదువబడినవి. కావున నేడు మేము వేరొక సంగతిని మీ ముందుంచ దలచితిమి. మన పాఠశాలలోని కంప్యూటర్లు సాయంకాలము నిద్రపుచ్చినచో మరునాడు లేచుట లేదనియు, అవి చచ్చిన యంత్రములనియు, వాటిని వచ్చిన ధరకు అమ్మివేయుటయే మేలనియు కొందరు పెద్దలు సెలవిచ్చుచున్నారు. రానున్న సంఘ సమావేశములో ఈ విషయము నిర్ణయమునకు వచ్చును. నిర్ణయము మీది. అయినను నిర్ణయించుటకు ముందు ఆ యంత్రము ఎట్లు నిద్రించునో, ఎందువలన లేవదో, లేపుట ఎట్లో మీరు వినవలెనని మా కోరిక. మా మనవి యంతయు ఒక్క మాటలో చెప్పవలెనన్న, లేవని యంత్రము చచ్చిన యంత్రము కాదు. చాల సందర్భములలో దానికి వచ్చినది చిన్న జబ్బు. దానిని ఓపికతో వెదకి పట్టుకొనవచ్చును.

ముందుగా ఈ యంత్రములలో లినక్సు ఎందుకున్నదో చెప్పెదము. లినస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి 1991లో మొదలుపెట్టిన పని అది. దాని మూలము అందరికిని తెరచి యుండును. వెల చెల్లింప నక్కరలేదు. కావలసినవారు దానిని తమ భాషకు మార్చుకొనవచ్చును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు లినక్సును తెలుగులోనికి తెచ్చుటకు పాటుపడిరి. కేంద్రప్రభుత్వ సంస్థయైన సీడాక్ వారు బాస్ అను పేర భారతీయ భాషల లినక్సును వెలువరించిరి. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు ఎన్నో ఏండ్లుగా లినక్సు మీదనే కంప్యూటరు విద్య నేర్చుకొనుచున్నారు.

మనకు మరియొక కారణము కూడ కలదు. విండోస్ 10కి సాధారణ ఆదరణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రములలో పెక్కింటికి దాని తరువాతి విండోస్ పట్టదు. అట్టి యంత్రములు లినక్సు ఎక్కించినచో ఇంకను కొన్ని ఏండ్లు పనిచేయును. ఇంట తెలుగు మాటలాడి, కచేరీలో మరాఠీ వ్రాసి, పెద్ద చదువులకు ఇంగ్లీషు నేర్వవలసిన మన సిరొంచ పిల్లవాడు ఆ తెరమీద తెలుగు అక్షరములను చూచి, తెలుగులో వ్రాసికొనుచున్నాడు. ఆ యంత్రములు పోయినచో కొత్తవి ఎన్నడు వచ్చునో మనకు తెలియదు. గడ్చిరోలి ఇక్కడికి సుమారు 200 కిలోమీటర్లు. బాగుచేయువాని కొరకు అంత దూరమైనను పోవలెను, లేదా నది దాటి మంచిర్యాల వైపైనను పోవలెను. కావున మన యంత్రము జబ్బును మనమే కొంత తెలిసికొనుట తప్పనిసరి.

ఇక నిద్ర యనగా నేమి? మన ఇండ్లలో పూర్వము రాత్రి వంట ముగిసిన తరువాత పొయ్యిలోని నిప్పును ఆర్పివేయక, నివురు కప్పి ఉంచెడివారు. తెల్లవారి నివురు తొలగించి రెండు పుల్లలు వేసి ఊదినచో మంట లేచెడిది. కంప్యూటరు నిద్ర అట్టిదే. సస్పెండ్ అను ఈ నిద్రలో తెర ఆరును, డిస్కు ఆగును, పంకా నిలుచును. ర్యామ్ అను జ్ఞాపకశాలకు మాత్రము కొద్దిపాటి విద్యుత్తు అందుచుండును. మనము చేయుచున్న పని అంతయు అందులోనే నిలిచియుండును. మీట నొక్కగానే కొన్ని క్షణములలో విడిచిన చోటనే పని మరల మొదలగును. డెస్క్‌టాప్ యంత్రము ఊరక వెలుగుచుండినప్పుడు పదుల వాట్లు తినును; ఈ నిద్రలో సాధారణముగా కొద్ది వాట్లతో సరిపెట్టుకొనును. కరెంటు బిల్లు కట్టు సంఘమునకు ఇది చిన్న సంగతి కాదు.

రెండవ నిద్ర పేరు హైబర్నేట్. ఇందులో ర్యామ్‌లో నున్నదంతయు డిస్కుమీద స్వాప్ అను చోట వ్రాసిపెట్టి, యంత్రము పూర్తిగా ఆరిపోవును. గుమాస్తా లెక్కలన్నియు దస్తరములో ఎక్కించి, దీపమార్పి, ఇంటికి పోవుట వంటిది. మరునాడు లేచుటకు కొంత ఆలస్యమగును గాని, నడుమ కరెంటు పోయినను నష్టము లేదు. మొదటి నిద్రలోనైతే కరెంటు పోయినంతనే నివురు క్రింది నిప్పు ఆరును. భద్రపరచని పని అంతయు పోవును.

వానకాలములో మన తాలూకాలో కరెంటు ఎట్లుండునో మీకు మేము చెప్పనక్కరలేదు. 2022 జులై వరదలు ఎవరును మరువలేదు. కావున ఇక్కడ ఏ నిద్ర ఎంచుకొందుమన్నది ముఖ్యమైన ప్రశ్న. యూపీఎస్ లేని యంత్రమును కొద్దిసేపు మాత్రమే సస్పెండ్‌లో నుంచవలెను. రాత్రంతయు అయినచో పని భద్రపరచి ఆర్పివేయుటయో, హైబర్నేట్ చేయుటయో మంచిది. ఈ రెండును కలిసిన హైబ్రిడ్ నిద్ర యొకటి కలదు. అందు పని డిస్కుమీదను వ్రాయబడును, ర్యామ్‌లోను నిలుచును. కరెంటు ఉన్నచో వేగముగా లేచును. పోయినచో డిస్కునుండి లేచును. అయితే హైబర్నేట్‌కు స్వాప్ చోటు చాలినంత ఉండవలెను. సుమారు ర్యామ్ అంత ఉన్నచో నిశ్చింత. కొన్ని లినక్సులు స్థాపించునప్పుడు చిన్న స్వాప్ మాత్రమే ఏర్పరచును. సెక్యూర్ బూట్ అను కాపలా ఆన్ చేసియున్న యంత్రములలో చాలచోట్ల లినక్సు హైబర్నేట్‌కు ఒప్పుకొనదు. ఇది చెడిపోవుట కాదు, భద్రత కొరకు పెట్టిన కట్టుబాటు.

ఇప్పుడు నల్లని తెర ముందు నిలిచినవాడు ఏమి చేయవలెనో చూతము. మొట్టమొదటి సూత్రము, తొందరపడి ప్లగ్గు పెరుకరాదు. పవర్ మీటను నాలుగైదు క్షణములు నొక్కిపట్టినను యంత్రము బలవంతముగా ఆరిపోవును. ఆ రెండును చిట్టచివరి ఉపాయములు. పిల్లలు వారము దినములు తెలుగులో టైపు చేసిన కథ ఒక్క పెరుకుతో పోవుట మన పాఠశాలలో జరిగినది. వారి కన్నీరు చూచినవారికి ఈ సూత్రము మరల చెప్పనక్కరలేదు.

ముందు పెట్టెమీది దీపమును చూడవలెను. అది మెల్లగా వెలుగుచు ఆరుచున్నచో చాల యంత్రములలో నిద్రకు గుర్తు. అప్పుడు కీబోర్డుమీద ఒక మీట నొక్కవలెను. లేవనిచో పవర్ మీటను ఒక్క పర్యాయము తేలికగా నొక్కి విడువవలెను. దీపము నిలకడగా వెలిగి, పంకా తిరుగుచుండియు తెర నల్లగా ఉన్నచో యంత్రము లేచినదేమో అని అనుమానింపవలెను. దానికి సులభమైన పరీక్ష కలదు. క్యాప్స్ లాక్ మీటను నొక్కుడు. కీబోర్డుమీది చిన్న దీపము వెలిగి ఆరుచున్నచో యంత్రము మేలుకొనియే యున్నది. నిద్రించుచున్నది తెర మాత్రమే. తెరకు వేరే పవర్ మీట ఉండును. దాని తీగ సడలి యుండవచ్చును. తెర వేరొక మార్గమునుండి చిత్రము కొరకు ఎదురుచూచుచుండవచ్చును. అవన్నియు చూచినను ఫలము లేకున్నచో, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కవలెను. అక్షరముల తెర వచ్చినచో యంత్రము బ్రతికియే యున్నది, చిత్రముల భాగము మాత్రమే తడబడినది. కంట్రోల్, ఆల్ట్‌లతో ఎఫ్1 గాని ఎఫ్2 గాని నొక్కి వెనుకకు రావచ్చును.

ఏమి చేసినను ఉలుకు పలుకు లేనిచో, ప్లగ్గు పెరుకుటకు బదులు ఇంకొక మర్యాదయైన మార్గము కలదు. ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ మీటలను పట్టియుంచి, ఎస్, యు, బి మీటలను ఒకదాని తరువాత నొకటి, నడుమ రెండు మూడు క్షణములు ఆగుచు నొక్కవలెను. ఎస్ అనగా డిస్కుకు చేరవలసిన వ్రాతలను చేర్చుట. యు అనగా డిస్కును ఇక వ్రాయరాని స్థితిలో నుంచుట. బి అనగా మరల ప్రారంభించుట. కొన్ని లినక్సులలో ఈ సౌకర్యము ముందుగా ఆన్ చేసికొనవలెను. దీనివలన తెరచియున్న పని రాకపోవచ్చును గాని, డిస్కు చెడకుండును.

ఇక జబ్బుల సంగతి. ఇవి మూడు విధములు: నిద్ర పట్టకుండుట, తనంతట తాను మేలుకొనుట, లేవకుండుట. ఏ జబ్బో తెలియక మందు వేయరాదు.

నిద్ర పట్టకున్నచో ఏదో ఒక ప్రోగ్రాము అడ్డు నిలిచినదని అర్థము. వీడియో నడచుచుండుట, కొత్త సాఫ్టువేరు దిగుచుండుట మొదలైనవి కారణములు. సిస్టమ్‌డీ ఇన్‌హిబిట్ అను ఆదేశముతో అడ్డుపడువారి జాబితా తెలియును. నిద్రకు ముందు లినక్సు ప్రోగ్రాములన్నింటిని ఘనీభవింపజేయును. ఏదైనను 20 క్షణములలో ఒప్పుకొననిచో, ప్రయత్నము మాని, ఆ సంగతి తన దినచర్యలో వ్రాసికొనును. దూరపు యంత్రములోని ఫైళ్లను నెట్‌వర్కు ద్వారా తెరచియుంచినప్పుడు, ఆ నెట్‌వర్కు తెగినచో, ఇట్లు జరుగుట కద్దు.

తనంతట తాను మేలుకొను యంత్రమును చూచి మన పిల్లలు మొదట దయ్యమనుకొనిరి. సాయంకాలము నిద్రపుచ్చిన యంత్రము రాత్రి కాపలావాని కంట వెలుగుచు కనబడినది. కారణము వైర్‌లెస్ మౌస్. కిటికీ గాలికి కాగితములు కదలి, మౌస్ కదలి, యంత్రము లేచెను. యూఎస్‌బీ పరికరములేగాక నెట్‌వర్కు తీగ ద్వారా వచ్చు సందేశము, గడియారమునకు పెట్టిన అలారము కూడ యంత్రమును లేపగలవు. ప్రాక్ అను చోటి ఏసీపీఐ సంచికలో వేకప్ అను ఫైలున్నది. ఏయే పరికరమునకు లేపు అధికారమున్నదో అందు వరుసగా వ్రాసియుండును. ఎక్స్‌హెచ్‌సీ అని యున్నచో అది సాధారణముగా యూఎస్‌బీ ద్వారము. పరికరము పేరును అదే ఫైలులోనికి వ్రాసినచో అధికారము తొలగును; మరల వ్రాసినచో తిరిగి వచ్చును. అయితే యంత్రమును ఆర్పి వెలిగించినచో ఈ మార్పు పోవును గనుక, శాశ్వతముగా నుండుటకు ప్రతి ప్రారంభమందును అది జరుగునట్లు ఏర్పాటు చేయవలెను. యూఎస్‌బీ ద్వారమును మూసినచో కీబోర్డు కూడ లేపజాలదు; అప్పుడు పవర్ మీటతోనే లేపుకొనవలెను. ఈ సంగతి గదిలో అందరికిని చెప్పియుంచనిచో, మరునాడు యంత్రము చచ్చినదని మరల కేకలు లేచును.

మూడవది అసలు జబ్బు, లేవకుండుట. ఇందుకు పెక్కు కారణములు కలవు. మొదటిది బయోస్‌లోని అమరిక. కొన్ని మదర్‌బోర్డులలో విద్యుత్తు పొదుపు కొరకు ఈఆర్‌పీ అను అమరిక యుండును. అది ఆన్ చేసియున్నచో ఆరిన స్థితిలోను, కొన్నింట నిద్రలోను యూఎస్‌బీకి కరెంటు అందదు. ఎంత కొట్టినను కీబోర్డు యంత్రమును లేపదు. రెండవది నిద్ర రకము. ఏసీపీఐ అను నియమావళి 1996లో ఏర్పడినది. దాని ప్రకారము లోతైన నిద్ర ఎస్3. ఇప్పటి యంత్రములలో కొన్నింట ఆ లోతైన నిద్ర లేక, కునుకు వంటి తేలిక నిద్ర మాత్రమే యున్నది. సిస్ అను చోటి పవర్ సంచికలో మెమ్ స్లీప్ అను ఫైలును చదివినచో, డీప్, ఎస్ టూ ఐడిల్ అను పేర్లు కనబడును. చదరపు కుండలీకరణములలో నున్నది ప్రస్తుతము వాడుకలో నున్న నిద్ర. ఒకదానిలో లేవని యంత్రము రెండవదానిలో సుఖముగా లేచుట కలదు. మార్చి చూచుటకు పైకము ఖర్చు లేదు.

మూడవ కారణము గ్రాఫిక్ డ్రైవరు. తెరకు చిత్రము పంపు కార్డు నిద్రలో తన జ్ఞాపకమును కోల్పోవును. లేచిన తరువాత దానిని మరల నింపవలసినది డ్రైవరు. ఆ పని సరిగా జరుగనిచో పంకా తిరుగును, దీపము వెలుగును, తెర మాత్రము నల్లగా నుండును. ఎన్‌విడియా కార్డులున్న యంత్రములలో ఆ డ్రైవరుతో వచ్చు సస్పెండ్, రెజ్యూమ్, హైబర్నేట్ సేవలు ఆన్ చేయబడియున్నవో లేవో చూడవలెను. తక్కిన యంత్రములలో కొత్త కెర్నెలు ఎక్కించి చూచుట మంచి మార్గము. కొత్త కెర్నెలు తరువాతనే జబ్బు వచ్చినచో, ప్రారంభమున వచ్చు జాబితాలో పాత కెర్నెలును ఎంచుకొని చూడవలెను. పాతది లేచి, కొత్తది లేవనిచో దోషమెక్కడనో తేలినట్లే. బయోస్‌కు తయారీదారు ఇచ్చిన కొత్త ప్రతి ఉన్నచో దానిని ఎక్కించుట మరియొక ఉపాయము. అయితే ఆ సమయమున కరెంటు పోయినచో బోర్డే చెడవచ్చును గనుక యూపీఎస్ లేక ఆ పనికి పూనుకొనరాదు.

లేచిన తరువాత వైఫై గాని, శబ్దము గాని రాకుండుట చిన్న జబ్బు. ఆ పరికరపు డ్రైవరును ఒక్కసారి తొలగించి మరల చేర్చినచో చాలసార్లు కుదురును.

దోషమెక్కడో తెలిసికొనుటకు లినక్సు స్వయముగా దినచర్య వ్రాసికొనును. జర్నల్‌సీటీఎల్ అను ఆదేశముతో గడచిన పర్యాయపు దినచర్యను తెరచి కడపటి వరుసలు చదువవలెను. నిద్రకు పోవుచున్నానని వ్రాసి అక్కడనే ఆగినచో ఒక అర్థము. లేచితినని వ్రాసి, తరువాత తప్పు వ్రాసినచో వేరొక అర్థము. దినచర్యయు చాలనప్పుడు పీఎమ్ ట్రేస్ అను పరీక్ష కలదు. నిద్రలో ఎక్కడ ఆగెనో ఆ గుర్తును యంత్రము తన గడియారములో దాచుకొనును. తక్కినవన్నియు చెరిగినను గడియారము నిలుచును గదా! అందుచేత ఆ పరీక్ష తరువాత తేదీ, గంట తప్పుగా కనబడును, వాటిని సరిదిద్దుకొనవలెను.

మన తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఈ దినచర్యను చదువుటకు అలవాటు పడిరి. అది ఇంగ్లీషులో నుండును. వారు ఒక నోటుపుస్తకములో ఇంగ్లీషు వరుస ఎదుట తెలుగు అర్థము, దాని ప్రక్కన తేదీ, చేసిన మార్పు, ఫలితము వ్రాసిరి. మేము వారికి పెట్టిన నియమము ఒక్కటే: ఒక దినమున ఒకే మార్పు. రెండు మార్పులు కలిపి చేసినచో ఏ మందుకు జబ్బు తగ్గెనో ఎవరును చెప్పజాలరు. ఈ విధముగా లేవని యంత్రములలో ఒకదానికి తెర తీగ సడలియున్నదని తేలెను. ఒకదానికి బయోస్ అమరిక అడ్డు. ఒకటి కొత్త కెర్నెలుతో కుదిరెను. ఒక్కటి మాత్రము ఎన్ని చేసినను నిద్రనుండి లేవలేదు. దానికి విద్యుత్తు అమరికలలో స్వయంనిద్రను ఆపివేసి, తెర మాత్రము ఆరునట్లు చేసి, సాయంకాలము పూర్తిగా ఆర్పుచున్నాము. పగలంతయు అది తక్కినవాటితో సమానముగా పనిచేయుచున్నది. నిద్ర రానివానిని ఊరినుండి వెళ్లగొట్టుదుమా?

ఇట్టి యంత్రములను చచ్చినవని అమ్మినచో మనకు వచ్చునది తుక్కు ధర. పోవునది పిల్లలు తమ భాషలో వ్రాసికొను చోటు. అంతకన్న, తెలియనిది ఎదురైనప్పుడు భయపడి విడిచిపెట్టక, గుర్తులు చూచి, వ్రాసికొని, ఒక్కొక్కటిగా వెదకు అలవాటు వారికి పట్టుబడుచున్నది. ఆ అలవాటు లెక్కలకును, పొలమునకును, రేపటి ఉద్యోగమునకును పనికివచ్చును.

కావున తల్లిదండ్రులకు మా మనవులు మూడు. సంఘ సమావేశమునకు ముందు ఒక సాయంకాలము కంప్యూటరు గదికి దయచేసి, పిల్లల నోటుపుస్తకమును చూడుడు. నిర్ణయము తరువాత చేయుడు. రెండవది, కొత్త యంత్రము కొనగల సొమ్ములో కొంత భాగముతో ముందుగా యూపీఎస్‌లు సమకూర్చుడు. మూడవది, మీ ఇంట కంప్యూటరున్నచో, అది లేవని ఉదయమున పిల్లవానిని కసరక, ముందుగా దీపము చూడుమని చెప్పుడు.